పాత కంప్యూటరుకు ఏ యాంటీవైరస్?

సంపాదకులకు,

అయ్యా,

పదేళ్లు దాటిన ఇంటి కంప్యూటరుకు ఏ ఉచిత యాంటీవైరస్ వేసుకోవాలని ఒక పాఠకుడు అడిగిన ప్రశ్నకు మీ పత్రిక ఇచ్చిన జవాబు చదివాను. ఐదు పేర్లు చెప్పి, వాటిలో ఏదైనా దింపుకోవచ్చని ముగించారు. ఆ ఐదూ పేరున్నవే, కాదనను. అయితే ఆయన కంప్యూటరులో ఏ విండోస్ ఉందో, ర్యామ్ ఎంతో, ఇప్పటికే ఏ యాంటీవైరస్ నడుస్తోందో అడగకుండా పేర్లు చెప్పడం, రోగి ఏయే మందులు మింగుతున్నాడో కనుక్కోకుండా చీటీ రాసివ్వడం లాంటిది. అలాంటి చీటీతో తిప్పలు పడినవాణ్ణి కనుక ఈ లేఖ రాస్తున్నాను.

నాది 2014లో కొన్న డెస్క్‌టాప్: నాలుగో తరం ఇంటెల్ ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. విండోస్ 8.1తో వచ్చింది, ఉచితంగా ఇస్తున్న రోజుల్లో, 2016లో, విండోస్ 10కి మారాను. పింఛను స్లిప్పు తీసుకోవడం, ఈసీ కాపీలు దింపుకోవడం, ఆదివారం పూట అమెరికాలోని అమ్మాయితో వీడియోలో మాట్లాడటం, ఇంతే దాని పని. కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ పెట్టె కాలిపోతే మార్చడానికి వచ్చిన రిపేరు కుర్రవాడు ‘ఫ్రీయే సార్’ అంటూ ఒక యాంటీవైరస్ వేశాడు. సంక్రాంతికి వచ్చిన మా మేనల్లుడు అది చాలదని ఇంకొకటి వేసి వెళ్లాడు. ఆనాటి నుంచి స్విచ్చి వేసి, కాఫీ తాగి, పేపరు తిరగేసి వచ్చినా బ్రౌజరు తెరుచుకునేది కాదు. క్యాబినెట్ మీది ఎర్ర లైటు ఆరకుండా వెలుగుతూనే ఉండేది. చివరికి ఏ ప్రోగ్రాము ఎంత పని చేస్తోందో చూపే టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్క్ వినియోగం 100 శాతం దగ్గర నిలిచిపోయి కనిపించింది. నేను ఏ ఫైలు ముట్టుకున్నా రెండు యాంటీవైరస్‌లూ దాన్ని ఎవరికి వారు సోదా చేస్తున్నాయి.

రెండింటినీ తీసేశాను. ఒకటి మామూలుగా పోయింది. రెండోది మాత్రం దాన్ని తయారు చేసిన సంస్థ సైటులోనే ఉన్న తొలగింపు టూల్‌ను సేఫ్ మోడ్‌లో (అత్యవసరమైనవి మాత్రమే నడిచే స్థితిలో) నడిపితే గానీ వదల్లేదు. రీస్టార్ట్ చేయగానే విండోస్‌తోపాటే వచ్చే మైక్రోసాఫ్ట్ వారి యాంటీవైరస్ డిఫెండర్ తనంతట తానే మేల్కొంది. వేరే యాంటీవైరస్ వేస్తే అది పక్కకు తప్పుకుంటుందనీ, తీసేస్తే మళ్లీ విధుల్లో చేరుతుందనీ నాకు అప్పుడే తెలిసింది. జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారెటివ్స్ వంటి పరీక్షా సంస్థలు దాన్ని కూడా పేరున్న యాంటీవైరస్‌ల సరసన పరీక్షిస్తుంటాయి. దానికీ లోపం లేకపోలేదు: పాత హార్డ్ డిస్క్ మీద పూర్తి స్కాన్ పెడితే నత్తనడకే. నేను దాన్ని నెలకోసారి పడుకునే ముందు మొదలుపెట్టి వదిలేస్తాను. మిగతా రోజుల్లో క్విక్ స్కాన్ చాలుతోంది.

ఇక ఉచితం సంగతి. తీసేసిన వాటిలో ఒకటి వారానికి రెండుమూడు సార్లు ‘మీ కంప్యూటరు ప్రమాదంలో ఉంది’ అని ఎర్రపెట్టెలో హెచ్చరించేది. నొక్కితే డబ్బు కట్టే పేజీ వచ్చేది. మా ఆవిడ అది చూసి నిజంగానే ఏదో జరిగిపోయిందని కంగారుపడి మెయిన్ స్విచ్చి ఆపేసిన రోజు కూడా ఉంది. ఉచిత యాంటీవైరస్ ఇచ్చే అవాస్ట్ సంస్థ తన అనుబంధ సంస్థ జంప్‌షాట్ ద్వారా వినియోగదారుల బ్రౌజింగ్ సమాచారాన్ని అమ్ముకుందన్న ఆరోపణపై, 1.65 కోట్ల డాలర్లు చెల్లించాలనీ, ఇకపై అలాంటి సమాచారాన్ని ప్రకటనల కోసం అమ్మరాదనీ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో కట్టడి చేసింది. మనల్ని కాపాడమని ఇంట్లో పెట్టుకున్నదే మన రాకపోకలు రాసుకుంటే ఇంకేం చెప్పాలి?

అయితే మీ జవాబులో అసలు లోటు ఇది కాదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. నా కంప్యూటరు వంటివాటికి విండోస్ 11 అర్హత లేదు. ఇంటెల్ ప్రాసెసర్ అయితే సాధారణంగా ఎనిమిదో తరం నుంచే దానికి పనికొస్తుంది. ఇళ్లలోని కంప్యూటర్లకు మరో ఏడాది, అంటే 2026 అక్టోబరు 13 దాకా, అప్‌డేట్లు పొందే పథకం ఉంది. విండోస్ 10 చివరి వెర్షన్ అయిన 22హెచ్2 ఉన్నవారు సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలో, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి, సెట్టింగులను బ్యాకప్ చేసుకుంటే డబ్బు కట్టనక్కరలేకుండా అందులో చేరవచ్చు. డిఫెండర్‌కు వైరస్ జాబితాలు 2028 అక్టోబరు దాకా వస్తాయి నిజమే, కానీ కాపలావాడు ఉన్నాడు కదా అని గోడకు పడిన కన్నాన్ని పూడ్చకుండా వదిలేస్తామా? 2017 మేలో ప్రపంచాన్ని వణికించిన వానాక్రై, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లలో కొన్నింటినీ తాకింది. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే, విడుదల చేసింది.

విండోస్ 7 సంగతి వేరు. దానికి 2020 జనవరిలోనే అప్‌డేట్లు ఆగిపోయాయి; 2023 నుంచి క్రోమ్ బ్రౌజరు కొత్త వెర్షన్లు కూడా రావడం లేదు. పేజ్‌మేకర్, అను ఫాంట్ల కోసం ఇంకా దాన్నే నమ్ముకున్న డీటీపీ వారికి నా సలహా ఒక్కటే: ఆ యంత్రానికి నెట్ తీగ తీసేసి, పనికి మాత్రమే వాడుకోండి. అప్పుడు భయమంతా పెన్‌డ్రైవ్‌ల నుంచే. వాటిని అదుపు చేయడానికి కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ అయిన సీడాక్ మన హైదరాబాదులో తయారు చేసిన యూఎస్‌బీ ప్రతిరోధ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. కేంద్ర ప్రభుత్వపు సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైటు వైరస్ ఏరివేతకు ఉచిత టూల్స్ కూడా ఇస్తోంది. వీటి గురించి మీ జవాబులో ఒక్క ముక్క లేదు. నెట్ చూడటమే పనైనవారు విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవచ్చు. 4 జీబీ ర్యామ్‌లో దాని తేలికపాటి ఎక్స్ఎఫ్‌సీఈ రకం బాగానే నడుస్తుంది.

కనుక మీ ప్రశ్నోత్తరాల శీర్షిక కింద, ప్రశ్న పంపేవారు విండోస్ వెర్షన్, ర్యామ్, ప్రస్తుతం ఉన్న యాంటీవైరస్ పేరు తప్పక రాయాలని ఒక గమనిక వేయగలరు. ఆ ఐదు పేర్ల జవాబుకు సవరణగా, ముందున్న యాంటీవైరస్‌ను తీసేశాకే కొత్తది వేయాలన్న ఒక్క వాక్యమైనా వచ్చే ఆదివారం ప్రచురించవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తెనాలి