కారిబూల నష్టాన్ని కార్చిచ్చు ఖాతాలో వేయకండి

గౌరవనీయులైన కెనడా పర్యావరణ, వాతావరణ మార్పుల శాఖ మంత్రి గారికి,

అల్బర్టాలో స్థిరపడి ఈ దేశ పౌరసత్వం తీసుకున్న తెలుగువాడిగా ఈ లేఖ రాస్తున్నాను. అడవి కారిబూలు (ఉత్తరాది అడవుల్లో బతికే రెయిన్‌డీర్ జాతి జింకలు) తగ్గిపోతున్నాయన్న మాట వచ్చినప్పుడల్లా వాతావరణ మార్పును ముందుకు తెచ్చి, అది మన చేతిలో లేదన్నట్టు చర్చ ముగించడం ఇక్కడ తరచూ వింటున్నాను. నా అభ్యంతరం దానిపైనే.

చలి తీవ్రత తగ్గడంతో తెల్లతోక జింకలు ఉత్తరాదికి విస్తరిస్తున్నాయి, వాటిని తింటూ పెరుగుతున్న తోడేళ్ళు కారిబూలనూ వేటాడుతున్నాయి. చలికాలంలో కారిబూలకు ప్రధాన ఆహారమైన లైకెన్ (నేలపైనా చెట్లపైనా నాచులా పెరిగేది) ముదురు అడవుల్లోనే సమృద్ధిగా దొరుకుతుంది. అది కాలిపోతే మళ్ళీ తగినంత పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. 2023లో ఒక్క ఏడాదిలోనే దేశంలో సుమారు కోటిన్నర హెక్టార్లు కాలిపోయాయి. ఇదంతా నిజమే. అయితే జింకలకూ, మూస్ అనే భారీ జింకలకూ లేత మేత సమకూర్చింది కలప కోసం నరికిన అడవి. తోడేళ్ళు సులువుగా వేటాడే దారులు చమురు అన్వేషణ కోసం మనుషులు కొట్టినవి. అల్బర్టాలోని లిటిల్ స్మోకీ కారిబూ మంద కోసమంటూ 2005 శీతాకాలం నుంచి తోడేళ్ళను చంపుతూ వచ్చారు గానీ, ఆ మంద తిరిగే నేల దేశంలోకెల్లా ఎక్కువగా దెబ్బతిన్న ఆవాసాల్లో ఒకటిగానే మిగిలింది.

మీ శాఖ 2012లో ప్రకటించిన పునరుద్ధరణ వ్యూహం ప్రకారం ఆవాసంలో కనీసం 65 శాతం చెక్కుచెదరకుండా ఉండాలి. అంత ఉన్నా, మంద తనంతట తాను నిలదొక్కుకునే అవకాశం 60 శాతమే. (అంత మాత్రం భరోసా ఉన్న బస్సులో మనమెవరమూ పిల్లల్ని ఎక్కించం.) గత 40 ఏళ్ళలో కాలిన అడవి కూడా ఆ లెక్కలో చెడిన నేలే కాబట్టి, మంటలు ఎంత తింటే నరకడానికి మిగిలే వాటా అంత తగ్గాలి. అనుమతులు ఇచ్చే ప్రావిన్సులకు ఈ తీసివేత గుర్తుచేయవలసింది మీరే.

బ్రిటిష్ కొలంబియాలో వెస్ట్ మోబర్లీ, సోటో ఆదివాసీ సమాజాలు ఈనే కాలంలో తల్లులను కంచెల్లో కాపాడి, తోడేళ్ళను అదుపులో పెట్టి, 2020 ఒప్పందంతో నేలకూ రక్షణ సాధించాయి. 2013లో 38 ఉన్న అక్కడి క్లిన్సే-జా కారిబూ మంద ఇప్పుడు వంద దాటింది.

కనుక 65 శాతానికి దిగువన ఉన్న ఆవాసాలను, తాజా కార్చిచ్చుల నష్టం కలిపి, పేరుపేరునా ప్రకటించండి. అక్కడ కొత్త రోడ్లకూ నరికివేతకూ ప్రావిన్సులు అనుమతులు ఆపకపోతే, ప్రమాదంలో ఉన్న జాతుల చట్టం 80వ సెక్షన్ కింద అత్యవసర ఉత్తర్వు కోసం మంత్రివర్గానికి సిఫారసు చేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
అల్బర్టాలోని ఒక తెలుగు పౌరుడు