సెలూన్‌కు నష్టం వచ్చేది బుధవారం మధ్యాహ్నం

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరులో మారతహళ్లి, మహదేవపుర, బీటీఎం లేఅవుట్, ఎలక్ట్రానిక్ సిటీ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు నడిపే సెలూన్లు చాలానే ఉన్నాయి. కొందరికి అది తాతల నాటి వృత్తి. ఇంకొందరు ఉద్యోగం చేసుకుంటూ పెట్టుబడి పెట్టినవాళ్లు. గోడు మాత్రం అందరిదీ ఒకటే: ఆదివారం నిలబడటానికి చోటుండదు, నెలాఖరుకు గల్లాపెట్టెలో ఏమీ మిగలదు. దానికి విరుగుడని ఇంకో రెండు కుర్చీలు వేస్తున్నారు, లేదంటే గుమ్మానికి ‘99కే కటింగ్’ అని ఫ్లెక్సీ కడుతున్నారు. ఈ రెండూ నష్టాన్ని పెంచే పనులే.

సెలూన్‌లో అసలు సరుకు కుర్చీ గంటలు. ఇవాళ అమ్ముడుపోని గంటను రేపటికి దాచుకోలేం. నాలుగు కుర్చీల షాపు ఒకటి తీసుకుందాం. అద్దె 50 వేలు, నలుగురి జీతాలు 88 వేలు, కరెంటూ నీళ్లూ 12 వేలు, పైఖర్చులు 10 వేలు. అంటే తలుపు తీసినా తీయకపోయినా నెలకు లక్షా 60 వేలు. మంగళవారాలు సెలవు పోను 26 రోజులు, రోజుకు పది గంటలు, నాలుగు కుర్చీలు: మొత్తం 1,040 కుర్చీ గంటలు. అందులో నిండేది 45 శాతమే అనుకుంటే 468 గంటలు. గంటకు 342 రూపాయల ఖర్చు. కటింగ్‌కు 40 నిమిషాలు పడితే దాని మీదే 228 పడుతుంది. అక్కడ 150 తీసుకుంటుంటే రద్దీ పెరిగినా ఒరిగేదేమీ లేదు. అదే షాపులో 60 శాతం గంటలు నింపగలిగితే కటింగ్ ఖర్చు 171కి దిగుతుంది. రేటు పెంచే ముందు, కుర్చీ పెంచే ముందు, ఈ శాతం ఎంతో తెలియాలి.

తెలుసుకోవడానికి యాప్ అక్కర్లేదు, నోటు పుస్తకం చాలు. రోజుకో పేజీ, కుర్చీకో గడి, అరగంటకో గీత. మనిషి కూర్చున్న అరగంటకు టిక్కు పెట్టాలి. రెండు వారాలు నిజాయితీగా రాస్తే చిత్రం బయటపడుతుంది: ఆదివారం పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా కిక్కిరిసి ఉంటుంది, బుధ, గురువారాల మధ్యాహ్నం నాలుగు కుర్చీలూ గోడకేసి చూస్తుంటాయి. మనవాళ్లలో చాలామంది మంగళ, శుక్రవారాలు జుట్టు కత్తిరించుకోరు, కొందరు శనివారమూ ముట్టుకోరు. ఆ పట్టింపులతో వాదించి లాభం లేదు. మిగిలిన రోజుల్లో ఏం చేస్తామన్నదే మన చేతిలో ఉంది.

డిస్కౌంట్ ఇస్తే ఖాళీ గంటల్లోనే ఇవ్వాలి. 300 రూపాయల పనిలో సరుకు ఖర్చు 40 పోతే మిగిలేది 260. 20 శాతం తగ్గిస్తే మిగిలేది 200. పాత రాబడి నిలబడాలంటేనే గిరాకీ 30 శాతం పెరగాలి. ఆదివారం అంతమందిని కూర్చోబెట్టే చోటెక్కడిది? ఎలాగూ వచ్చేవాళ్లకు డబ్బు వదిలేసినట్టే. బుధ, గురువారాల్లో పదకొండు నుంచి నాలుగు వరకే తగ్గింపు అని స్పష్టంగా రాసి పెట్టండి.

ఆదివారం పొద్దున రంగు పని పెట్టుకోవద్దు. తప్పదంటే రంగు పూసిన వెంటనే మనిషిని కటింగ్ కుర్చీలోంచి లేపి పక్క స్టూలు మీద కూర్చోబెట్టండి. రంగు పట్టే 35 నిమిషాల్లో ఆ కుర్చీలో ఇంకో కటింగ్ దాదాపు అయిపోతుంది. రద్దీ చూసి కుర్రాళ్లు 20 నిమిషాలకే తల కడిగేస్తారు. తెల్లవెంట్రుకలు కణతల దగ్గర మళ్లీ మెరుస్తాయి, నాలుగో రోజుకు ఆ మనిషి తిరిగొస్తాడు. అప్పుడు ఇంకో ట్యూబు, ఇంకో గంట, రెండూ ఉచితం.

రంగును కంటి అంచనాతో కలపడం ఇంకో చిల్లు. వంటింటి డిజిటల్ కాటా ఒకటి తెచ్చి గిన్నె దాని మీదే పెట్టండి. మొదళ్ల వరకే అయితే 30 గ్రాముల రంగు సాధారణంగా సరిపోతుంది. డెవలపర్ (రంగులో కలిపే పెరాక్సైడ్) ఒకటికి ఒకటిన్నర అని కంపెనీ చెబితే 45 గ్రాములు. తెల్లజుట్టు కప్పడానికి 20 వాల్యూమ్, అంటే 6 శాతం పెరాక్సైడ్ వాడతారు. 40 వాల్యూమ్ వాడితే త్వరగా అవుతుందనుకోవడం తప్పు, మాడు మండుతుంది. నల్ల మెహందీ పొడి ఇంట్లో వాడతారా అని ముందే అడగాలి. లోహ లవణాలున్న పొడులు పెరాక్సైడ్ తగిలితే వేడెక్కి వెంట్రుక తెగుతుంది. కొత్తవాళ్లకు 48 గంటల ముందు చెవి వెనక రంగు చుక్క పెట్టి, ఒంటికి పడుతుందో లేదో చూడటం మానొద్దు. ఆ చుక్క కోసం బుధవారం రమ్మంటే ఖాళీ వేళా కలిసొస్తుంది.

ప్రతి మనిషికీ ఒక కార్డు ఉండాలి: షేడు నంబరు, డెవలపర్, గ్రాములు, నిమిషాలు, తేదీ. అది షాపులో ఉండాలి, పనివాడి ఫోనులో కాదు. మంచి పనివాడు ఎదురు షాపుకు మారినప్పుడు అతని వెంట గిరాకీ పోవడానికి సగం కారణం ఆ వివరాలు అతనికే తెలియడం. అదే కార్డు చూసి 25వ రోజున వాట్సాప్‌లో ఒక్క మాట పంపండి. 42 రోజులకోసారి వచ్చే మనిషి ఏడాదికి ఎనిమిది, తొమ్మిది సార్లు వస్తాడు. 28 రోజులకోసారి అలవాటైతే 13 సార్లు. కొత్తవాళ్ల కోసం ఫ్లెక్సీ కట్టడం కంటే ఇది చవక.

బోరు, ట్యాంకర్ నీళ్ల సంగతి బెంగళూరులో వదిలేయలేం. కఠిన జలంలో షాంపూ నురగ రాదు, రెట్టింపు పోస్తారు. గీజరులో సున్నం పేరుకుని కరెంటు కాలుతుంది. దీనికి ఆర్వో అక్కర్లేదు, నీటి కఠినత్వాన్ని తగ్గించే రెజిన్ సాఫ్ట్‌నర్ చాలు. అందులో ఉప్పు వేయడం మరిచిపోతే మాత్రం అది ఉత్త పీపా.

పన్ను గురించి చాలామంది పొరబడుతున్నారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సెలూన్ సేవలపై జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది, నిజమే. కానీ ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొనుగోళ్ల మీద కట్టిన పన్నును మన పన్నులోంచి తగ్గించుకునే వీలు, పోయింది. ఈ సేవల కోసం కట్టే అద్దె మీద, కొనే సరుకు మీద పడే పన్ను ఇప్పుడు ఖర్చే. రేట్ల పట్టిక వేసేటప్పుడు అది కలుపుకోవాలి. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. అంటే నెలకు సుమారు లక్షా 66 వేలు, పైన చెప్పిన షాపు ఖర్చులు తేలగానే ఆ గీత దగ్గరికి వచ్చేస్తుంది. యూపీఐలో వచ్చినా నగదుగా వచ్చినా లెక్క ఒకటే.

ప్యాకేజీల విషయంలో ఒక హెచ్చరిక. ఐదు వేలు కట్టించుకుని ఆరు వేల పని చేస్తామంటే ఆ ఐదు వేలు ఇంకా మీవి కావు, బాకీ. వేరే ఖాతాలో వేసి, పని చేసినప్పుడల్లా అందులోంచి తీసుకోండి. ముందే వచ్చిన ఆ డబ్బుతో అద్దె కట్టేసిన షాపులు నాలుగో నెలలో ఉచితంగా పని చేస్తూ కూర్చుంటాయి.

కార్తీకంలో అయ్యప్ప మాలలు వేసుకుంటే మకరజ్యోతి దాకా చాలామంది మగవాళ్లు గడ్డానికీ కటింగ్‌కూ రారు. పనివాళ్ల సెలవులు, గోడల రంగులు, సాఫ్ట్‌నర్ మరమ్మతు ఆ రోజుల్లోనే పెట్టుకోవాలి. సంక్రాంతి తర్వాత వారానికి మాత్రం అందరూ షాపులో ఉండాలి. ఆ కార్తీకం రాకముందే మీ వ్యాపారం పేజీలో అరగంటల గడుల పుస్తకం నమూనా ఒకటి అచ్చువేస్తే, కత్తిరించి గోడకు అంటించుకునేవాళ్లు ఉన్నారు.

— సెలూన్ల జమాఖర్చులు చూసే ఒక పాఠకుడు,
మహదేవపుర, బెంగళూరు