చెరువు లోపల ఎకాలజీ ప్రాక్టికల్

అనంతపురం

ప్రియ మిత్రమా,

అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందా? కడప ఎండలకు బయట తిరగొద్దని చెప్పు. ఇక్కడ అందరం బాగున్నాం. కాలేజీలో ఎకాలజీ పాఠాలు చెప్పుకోకుండా ఊరి పనులు ఎందుకు నెత్తిన వేసుకున్నావని ఫోన్లో అడిగావు కదా, అది ఫోన్లో తెమిలేది కాదని రాస్తున్నా.

మనం ఎలా చదువుకున్నామో గుర్తుందా? నేల మీద చదరపు మీటరు చతురస్రం, అదే క్వాడ్రాట్, వేయడం, అందులో మొక్కలు లెక్కబెట్టడం, రికార్డు రాసి సంతకం పెట్టించుకోవడం. ఆ లెక్క ఆ నేల మీద బతికేవాళ్లకు ఏనాడూ చేరలేదు. ఇప్పుడు నేను ప్రశ్న ఊరివాళ్లనే అడగమంటున్నా. చెరువు లోపలంతా సీమ జాలి (సర్కారు తుమ్మ) కంప కమ్మేసింది, దాని కింద గడ్డి మొలవడం లేదు, గొర్రెలకు మేతెక్కడ అని కాపరులు అడిగారు. మా డిగ్రీ పిల్లలు కంప కింద కొన్ని, బయట కొన్ని క్వాడ్రాట్లు వేశారు. బోదగడ్డి, తుంగ అంటూ కాపరులు చెప్పిన పేర్లు మొదటి గడిలో, లాటిన్ పేర్లు రెండో గడిలో రాశారు. రికార్డులో ఆ వరసే ఉండాలని పట్టుబట్టాను.

అసలు పాఠం ఆ తర్వాత మొదలైంది. కంపను పైన నరికితే మళ్లీ గుబురుగా చిగురిస్తుంది, మొదలుతో పెరికితేనే పోతుంది. కానీ ఆ కంపే కొన్ని ఇళ్లకు పొయ్యి కట్టె, బొగ్గు కాల్చేవాళ్లకు కూడు. ఎక్కడ తీయాలి, ఎక్కడ ఉంచాలి అన్నది ఊరే తేల్చాలి. పిల్లలు లెక్కలు ముందు పెట్టి కూర్చోవాలి, వినాలి. చెత్త ఏరి ఫొటో దిగి వచ్చే సేవతో ఇంత చదువు రాదు, నాకు ఆ విషయంలో అనుమానమే లేదు.

మీ కలివికోడినే చూడు. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్న పిట్ట 1986లో మీ రెడ్డిపల్లి దగ్గర దొరికింది. పట్టి తెచ్చింది ఆ అడవిని ఎరిగిన స్థానికుడే. తర్వాత శాస్త్రజ్ఞులు మెత్తటి మట్టి పరిచి అడుగుజాడలు వెతికారు. ఆ పద్ధతి డిగ్రీ పిల్లలు కూడా చేయగలరు. నంద్యాల జిల్లా రోళ్లపాడు సంగతి వేరు. 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం చేశారు. కృష్ణజింకలు పెరిగి పంటల మీద పడ్డాయి, రైతులకు కోపం వచ్చింది. ఇప్పుడు అక్కడ బట్టమేక కనబడటమే అరుదు. ఇది తలుచుకుంటే నాకు చాలా బాధ.

టెన్షన్ అంతా సెమిస్టర్‌తోనే. మన సీమలో వానలు గట్టిగా పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. గడ్డి చూడాల్సిన రోజుల్లోనే ఇంటర్నల్ పరీక్షలు. మొదటి సంవత్సరం తర్వాత చేసే 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును దీనికే వాడుకుంటున్నా. ఒక బ్యాచ్ వెళ్లిపోతే పని ఆగకూడదని అవే స్థలాలు జూనియర్లకు అప్పగిస్తున్నాం. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో ఊరి మొక్కలు, జంతువుల వివరాలు రాసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి కదా, మా లెక్కలు అందులోకి ఎక్కాలని నా పట్టుదల.

నువ్వు నీ విద్యార్థుల్ని తీసుకుని హిందూపురం దగ్గరి వీరాపురం రా. ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టేది ఆ ఊరి చెట్ల మీదే. ఏం గమనించాలో ఆ ఊరివాళ్లతోనే చెప్పిద్దాం. వచ్చేటప్పుడు మట్టి పరిచే పద్ధతి గురించి నీ దగ్గరున్న నోట్సు మరిచిపోకు, మా వాళ్లకు నేర్పాలి. తేదీ రాయి, భోజనాల సంగతి నేను చూసుకుంటా.

నీ స్నేహితుడు