కొత్తగా కెమెరా కొనేవారికి

సంపాదకులకు నమస్కారం.

హనుమకొండలో కెమెరా కొనబోయే యువకులు దుకాణంలో మొట్టమొదట అడిగేది ఎన్ని మెగాపిక్సెళ్లని. రెండేళ్ల కిందట నేనూ అదే అడిగి, అమ్మకందారు మాట నమ్మి, కెమెరాతో కలిపి అమ్మే కిట్ లెన్సుతో పాటు ఇప్పటికీ పెట్టె విప్పని ఫిల్టర్ల సెట్టు కూడా తెచ్చుకున్నాను. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా పొందిన రామప్ప ఆలయానికి వెళ్లినప్పుడు అసలు సంగతి బోధపడింది. రంగమండపంలోని నల్లరాతి స్తంభాల చెక్కడాలను ఆ కిట్ లెన్సుతో ఎఫ్ 5.6 వద్ద (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం పెద్దదవుతుంది), 1/8 సెకను షట్టర్ వేగంతో, అంటే అంతసేపు వెలుతురు లోపలికి రానిచ్చి తీస్తే, చేయి కదిలి ప్రతి ఫొటో అలుక్కుపోయింది. మరోసారి మిత్రుడి 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు అరువు తీసుకెళ్లాను. దాని అపర్చర్, అంటే ఆ రంధ్రం, పూర్తిగా తెరిస్తే దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికి వస్తుంది కనుక, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచకుండానే 1/80 సెకను వేగం దొరికి, నాట్యకత్తె కాలి అందెలు సైతం స్పష్టంగా పడ్డాయి (వెనక స్తంభం మసకబారిందనుకోండి, అది వేరే పాఠం). అందువల్ల కొత్తవారు బాడీపై (లెన్సు కాక మిగిలిన కెమెరాపై) ఖర్చు తగ్గించుకుని, ఇటువంటి లెన్సు ఒకటి, వాడినదైనా సరే, లోపల ఫంగస్ (బూజు) ఉందేమో వెలుతురుకు ఎదురుగా పట్టి చూసుకుని కొనుక్కోవడం మేలు. మీ జిల్లా అనుబంధంలో వారానికో పావు పేజీని ఫొటోగ్రఫీ పాఠాలకు కేటాయించవలసిందిగా కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, హనుమకొండ