వాడరేవు దారిలో మా దోస్తును ఆదుకున్న అమ్మకు

మా వాడికి ఆపరేషన్ అయిపోయింది. గుంటూరులో తొడ ఎముకకు రాడ్ వేశారు. ఇప్పుడు నిద్రపోతున్నాడు, ప్రాణానికి భయం లేదన్నారు. ఫోన్ చేసిన వాళ్ళందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. రాత్రంతా కూర్చునే ఉన్నాను, వాక్యాలు అటూ ఇటూ అయితే సర్దుకోండి. ముందుగా ఒక పెద్దావిడ గురించి చెప్పాలి.

మేం నల్లగొండ దోస్తులం ఐదుగురం. కాలేజీ రోజుల నుంచి అనుకున్న సముద్రం ట్రిప్ ఇన్నేళ్ళకు కుదిరింది. మిర్యాలగూడ, వాడపల్లి దాటి పిడుగురాళ్ళ, నరసరావుపేట మీదుగా చీరాలకు వచ్చాం. సూర్యలంక బీచ్‌లో ఎండ నీళ్ళ మీద పడి కళ్ళు మిరుమిట్లు గొలుపుతుంటే చిన్నపిల్లల్లా కేకలు పెట్టాం. దెబ్బ తగిలిన మా వాడు సర్కారు బడిలో సోషల్ టీచర్. పాతకాలపు ఓడరేవు మోటుపల్లి చూడందే తిరిగి రానన్నాడు. అక్కడ వీరభద్రస్వామి గుడిలో కాకతీయ గణపతిదేవుడి అభయశాసనం ఉంది, 1244 నాటిది. తుఫానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన పరదేశి వర్తకుల సొత్తును అంతకుముందు రాజులు లాక్కునేవాళ్ళట. ఇక మీదట న్యాయమైన సుంకం తప్ప ఏమీ తీసుకోమని గణపతిదేవుడు మాట ఇచ్చి రాతి మీద చెక్కించాడు. ఇదంతా మా వాడు పిల్లలకు పాఠం చెప్పినట్టే మాకు చెప్పాడు.

అక్కడి నుంచి సముద్రం పక్క రోడ్డులో వాడరేవు వైపు వస్తుంటే ఒక మలుపు దగ్గర దున్నపోతు దూడ అడ్డంగా దూకింది. కారు కల్వర్టును గుద్దుకుని పక్క కాలువలోకి దిగిపోయింది. ఆ కల్వర్టుకు సున్నం గీత లేదు, హెచ్చరిక బోర్డు లేదు. ముందు సీట్లో ఉన్న మా వాడి కాలు డ్యాష్‌బోర్డు కింద ఇరుక్కుపోయింది. మేం నలుగురం చేతులు పట్టుకుని లాగబోతున్నాం. అప్పుడే వెనక నుంచి "లాగొద్దురా నాయనా, కాలు పాడైపోద్ది!" అని గట్టిగా అరిచిందామె.

ఎండు నెత్తళ్ళ (చిన్న చేపల) గంపతో చీరాల బజారుకు వెళ్ళడానికి ఆటో కోసం నిలబడి ఉందట. గంప అక్కడే వదిలేసి కాలువలోకి దిగింది. సీటు వెనక్కి జరపమంది. కంచెలోంచి సరుగుడు కర్రలు పీకి, కాలికి రెండు పక్కలా ఆనించి, తన తువ్వాలుతో, మా చొక్కాలతో కదలకుండా కట్టింది. వాళ్ళాయనకు పడవ మీద కాలు విరిగినప్పుడు నేర్చుకుందట. 108కు ఫోన్ చేస్తే బండి ఇంకో కేసుకు వెళ్ళిందన్నారు. ఆమే రోడ్డుకు అడ్డం నిలబడి ఒక ట్రాలీ ఆటో ఆపింది. చీరాల ఆస్పత్రి దాకా మా వాడి తల తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

దించేసి వెళ్ళిపోయినా మేం జన్మంతా తలుచుకునేవాళ్ళం. ఆమె వెళ్ళలేదు. మా వాడి అమ్మది మర్రిగూడ దిక్కు ఊరు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగీ తాగీ నడుము, మోకాళ్ళు బిగుసుకుపోయాయి, మంచం దిగాలన్నా ఇంకొకరు పట్టుకోవాలి. కొడుకు దగ్గరికి రాలేనని ఫోన్లో ఒకటే ఏడుపు. నాకు నోట మాట రాలేదు. ఈమె నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "వదినా, నీ కొడుకు నా కళ్ళ ముందే ఉన్నాడు. మాట్లాడుతున్నాడు. ఎముక ఒకటే విరిగింది, అతుక్కుద్ది. నువ్వొచ్చేదాకా నేను కదలను" అంది. ఆ తల్లి ఏడుపు ఆపింది.

గుంటూరు తీసుకెళ్ళమనేదాకా అలాగే ఉంది. నెత్తురు పట్టిన మా వాడి చొక్కాను ఎవరూ చెప్పకుండానే కుళాయి కింద ఉతికి, మెట్ల రెయిలింగ్ మీద ఆరేసింది. "బడికి వేసుకెళ్ళే చొక్కాలా ఉంది, మరక పోవాలిగా" అంది. అంతవరకు గట్టిగా ఉన్న నేను అక్కడ పడిపోయాను. మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమెకు ఆ రోజు బేరం పోయింది, గంప ఏమైందో కూడా చూసుకోలేదు. డబ్బులు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తోసింది. ఇంటి పేరు కూడా చెప్పలేదు.

కానీ ఆ చీరాల ఆస్పత్రిలో మొదటి ప్రశ్న అడ్వాన్స్ ఎంత కడతారని. తెలంగాణ ఆరోగ్యశ్రీ ఇక్కడ నడవదన్నారు. రోడ్డు ప్రమాదంలో గాయపడితే 7 రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా వైద్యం చేయాలని కేంద్రం 2025 మేలో పథకం తెచ్చింది. ఆ మాట చెబితే మా దాకా రాలేదన్నారు. పైగా తీసుకొచ్చిన ఆమెను పక్కన కూర్చోబెట్టి పేరు, ఊరు, ఆధార్ అంటూ పదేపదే అడిగారు. ఆదుకున్న వాళ్ళ రక్షణకు మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ ఉంది, 2019 సవరణలో చేర్చారు; వివరాల కోసం వాళ్ళను బలవంతపెట్టకూడదని దాని కింద వచ్చిన నియమాలు చెబుతున్నాయి. ఇవి తెలియాల్సిన చోటే తెలియకపోతే ఎలా? కృష్ణ దాటితే మేం పరదేశులమా? ఓడ పగిలి వచ్చిన వాడికి ఎనిమిది వందల ఏళ్ళ కింద ఇచ్చిన అభయం, అక్కడికి దగ్గర్లోనే, మాకెందుకు దొరకలేదు? కోపం ఇంకా తగ్గలేదు.

మా అన్న, మా బావ రాత్రికి రాత్రి నల్లగొండ నుంచి వచ్చారు, డబ్బులు సర్దారు. వాళ్ళకు థాంక్స్ చెబితే తిడతారు.

వాడరేవు, రామాపురం వైపు వాళ్ళెవరైనా ఇది చదివితే, ఎండు నెత్తళ్ళు అమ్మే ఆ అమ్మకు చెప్పండి. మా వాడు బాగున్నాడు, మేల్కొనగానే ఆమెనే అడిగాడు. నడవగలిగాక వాళ్ళమ్మను కూడా కారులో పడుకోబెట్టుకుని అందరం వస్తాం.

పేర్లు తెలియని ఇంకొందరు: కిరాయి తీసుకోని ట్రాలీ ఆటో అన్న, కారును బయటికి లాగిన ట్రాక్టర్ తమ్ముడు, గుంటూరులో రక్తం ఇచ్చిన ఇద్దరు విద్యార్థులు. అయ్యో, మరిచే పోయాను, సాయంత్రం దాకా మా బ్యాగులకు కాపలా కాసి, ఒక్క వస్తువు పోకుండా అప్పగించిన సోడా బండి పిల్లవాడు కూడా. వాడికి కనీసం నీళ్ళ బాటిల్ డబ్బులు కూడా ఇవ్వకుండా వచ్చేశాం. అటు వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, పంపిస్తాను.