బాపు ధోతి, చౌరస్తా బోర్డు

చంద్రపూర్,
జూన్ 9

అరేయ్ మల్లేశ్,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. తిట్టుకో, కానీ మొత్తం చదివాక తిట్టుకో. (చైత్రంలో మహాకాళి జాతరకు వస్తానని రాలేదు నువ్వు. దానికీ దీనికీ చెల్లు.) అందరం బాగున్నాం. అక్క పిల్లతో వచ్చింది, నా బండి మళ్ళీ షెడ్డులోనే ఉంది, ఎండ 45 దాటింది. ఇక ధోతి సంగతి విను. అది చెప్పకపోతే నాకు అన్నం సహించేట్టు లేదు.

మేనకోడలికి బళ్ళో సెలవుల ప్రాజెక్టు ఇచ్చారు. మన నగరం పర్యావరణం విషయంలో ఎంత బాగుపడిందో కొలిచి, వందకు మార్కులెయ్యాలట. ఊరికి మార్కులు! నాకు మన లెక్కల సారు సుద్దముక్క గుర్తొచ్చింది. ఆ రోజు కిటికీలోంచి దూకింది నేను కాదు, ఇప్పటికీ అదే మాట.

మొదట నీళ్ళు. నగరంలో మనిషికి రోజుకు 135 లీటర్లు అందాలని ప్రభుత్వ ప్రమాణం. పిల్ల అడిగితే అవ్వ '20 బిందెలు' అంది. బిందెకు 15 వేసుకుంటే 300 లీటర్లు. ఇంట్లో ఆరుగురం, అంటే తలకు 50. ఇప్పుడు చెప్పు, మార్కులెట్లా వెయ్యాలి? నీళ్ళు అందడంలో ఫెయిల్, పొదుపులో ఫస్ట్ క్లాస్. ఒకటే అంకె రా! పిల్ల రెండు గళ్ళలోనూ అదే రాసి దిగాలుగా కూర్చుంది.

గాలి దగ్గరికొచ్చేసరికి నేను గొప్పలకు పోయాను. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచీ తయారుచేస్తే మన ఊరికి 83.88 వచ్చింది, దేశంలో 4వ ర్యాంకు. నువ్వు ఇంటర్లో కూడా తెచ్చుకోలేదు అన్ని! కాకపోతే ఆ పరీక్షలో ఎక్కువొస్తే పరువు తక్కువ. 70 దాటితే తీవ్ర కాలుష్యం కిందే లెక్క. 2010 జనవరిలో అట్లాంటి 43 చోట్ల కొత్త పరిశ్రమలకు అనుమతులు కూడా ఆపేశారు. 'అది నేను పుట్టకముందు మామా, ఇప్పటిది కావాలి' అని చౌరస్తాలోని గాలి నాణ్యత బోర్డు చూసొచ్చింది. ఆకుపచ్చగా ఉందట. 'సంతృప్తికరం' అట.

సరిగ్గా అదే సాయంత్రం అవ్వ మిద్దెమీద వడియాలు తియ్యడానికి పోయి కేక పెట్టింది. బాపు తెల్లధోతి మీద పరిచిన బియ్యం వడియాల నిండా నల్ల చుక్కలు. 'జీలకర్రేమో అమ్మమ్మా' అంది పిల్ల. 'ఈసారి జీలకర్ర ఎయ్యనే లేదే' అంది అవ్వ.

ఇక చూడు. ధోతిని వడియాలతో సహా మూటగట్టి, చెప్పులేసుకుని, అవ్వ నేరుగా చౌరస్తాకు. వెనక మేం. బోర్డు ఎదుట ధోతి విప్పి పట్టుకుని నిలబడింది రా! అంగడివాడికి వంకర కాయ చూపించినట్టు. ఆటోలు ఆగాయి. 'ఆజీ, పాపడ్ ఎంతకిస్తవు?' అన్నాడొకడు. అవ్వ తన సగం మరాఠీలో వాడికేం చెప్పిందో రాయలేను, ఈ ఉత్తరం మీ ఆవిడ కూడా చదువుతుంది.

టీకొట్టు దగ్గర ఒకాయన, ఆ మిషన్ల పని తెలిసినవాడు, ఓపిగ్గా చెప్పాడు. ఆ బోర్డు ధూళిలో లెక్కపెట్టేది 10 మైక్రాన్లకు లోపలిదాన్నే, అంటే వెంట్రుక మందంలో ఏడో వంతు. అది గాల్లో తేలుతూ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పైగా 24 గంటల సగటు. ధోతి మీద పడ్డది అంతకన్నా లావుది, బరువుకి కిందికి దిగిపోతుంది. అది బోర్డు లెక్కలోకి రాదు.

'మరి కిందపడ్డదాన్ని ఎవలు లెక్కపెడ్తరు?'

'దానికి జాడీ పెట్టి నెలకోసారి తూకం వేస్తారు ఆజీ.'

'నెలదాకా నా వడియాలు ఆగుతయా?'

ఆ చుక్కలు ఎవరి బొగ్గో, ఎవరి బూడిదో, రోడ్డు దుమ్మో చెప్పలేం. పిల్ల పట్టు వదలక గాజు పలకలకు వాసెలీన్ పూసి నాలుగు మిద్దెల మీద పెట్టింది. ఒకదాన్ని కోతి ఎత్తుకుపోయింది. రెండింటి మీద చుక్కలు గ్రాఫు కాగితం మీద పెట్టి లెక్కించాం. మాదాని మీద లెక్కించడమే మానేశాం.

రాత్రి అవ్వ ఆ ధోతిని మూడుసార్లు ఉతికింది. బాపు గని నుంచి వచ్చాక స్నానం చేసి కట్టుకునేది అదే. చివరి ఏడాది ఆయన దగ్గు నీకు తెలుసు. పిల్ల పట్టికలో దానికి గడి ఎక్కడుందని నేను… సరే, వదిలెయ్.

ఊరికి ఎన్ని మార్కులొచ్చాయో చెప్పలేదు కదా. పిల్ల ముందు 61 వేసింది, తర్వాత కొట్టేసి 48, మళ్ళీ

బావ బయల్దేరుతున్నాడు, బల్లార్షాలో రైలు. ఉత్తరం, వడియాల ప్యాకెట్ ఆయన చేతికే ఇస్తున్నా. ఇవి రెండోసారి పోసినవి, ఇంట్లో ఫ్యాను కింద ఎండినవి. ఈసారి జీలకర్ర వేసింది. వేశానని అవ్వ అంటోంది.

నీ
రాజు