ఫెలనీ కేసుల్లో మన పిల్లలు: విదేశాంగ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన డాక్టర్ ఎస్. జైశంకర్ గారికి,

నమస్కారం. ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నందుకు మన్నించండి. చదివి చెప్పేవాళ్లు మీ కార్యాలయంలో దొరుకుతారు. కొడుకు అరెస్టయ్యాడని అర్ధరాత్రి ఫోనందుకున్న కరీంనగర్ తండ్రికో నరసరావుపేట తల్లికో ఇది ఇంగ్లీషులో ఉంటే పనికిరాదు.

2023-24లో అమెరికాలో చదువుకుంటున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. చైనాను దాటేశాం. అందులో మన రెండు రాష్ట్రాల పిల్లలెందరో మీకు నేను చెప్పక్కర్లేదు. డాలస్ చుట్టుపక్కల ఎన్నాళ్లుగానో ఉంటున్న మాబోటి వాళ్లకు అప్పుడప్పుడు ఆ తల్లిదండ్రుల నుంచి ఫోన్లు వస్తాయి. అందరూ ముందు అడిగేది ఒకటే: "ఎన్నేళ్లు వేస్తారండీ? టీవీలో ఇరవై ఏళ్లంటున్నారు."

ఆ ఇరవై ఎక్కడిదో ముందు చెబుతాను. ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం ఏడాదికి మించి జైలు పడే వీలున్న ప్రతి నేరమూ ఫెలనీయే. ఏడాదో, అంతకు తక్కువో అయితే మిస్‌డిమీనర్. ఫోన్ల మీద, ఇంటర్నెట్ మీద నడిచే మోసానికి వాడే వైర్ ఫ్రాడ్ సెక్షన్‌కు గరిష్ఠ శిక్ష మామూలుగా ఇరవై ఏళ్లు. మన చానళ్లు పట్టుకునేది ఆ గరిష్ఠాన్నే. జడ్జి మాత్రం నష్టం ఎంత, నిందితుడి పాత్ర ఏమిటి, పాత కేసులున్నాయా అని చూసి, శిక్షల మార్గదర్శకాలు ముందు పెట్టుకుని లెక్క వేస్తాడు. 2019 జనవరిలో బయటపడ్డ మిషిగన్ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం మీకు గుర్తుండే ఉంటుంది. అది అమెరికా అధికారులే పెట్టిన దొంగ యూనివర్సిటీ. విద్యార్థులను చేర్పించారని ఎనిమిది మందిపై పెట్టిన అభియోగానికి గరిష్ఠం ఐదేళ్లు. చివరికి పడ్డ శిక్షలు రెండేళ్లు దాటలేదు.

రాష్ట్రాల చట్టాలు వేరు, ఎవరి లెక్క వారిది. మా టెక్సాస్‌లో దొంగతనం కేసు సొమ్ము విలువను బట్టి మెట్లెక్కుతుంది. 750 డాలర్ల లోపైతే కింది తరగతి మిస్‌డిమీనర్లు. అక్కణ్నుంచి 2,500 లోపు క్లాస్ ఏ మిస్‌డిమీనర్, ఏడాది వరకు జైలు. 2,500 దగ్గర ఫెలనీ మొదలు. 30,000 దాటితే రెండు నుంచి పదేళ్లు, లక్షన్నర దాటితే రెండు నుంచి ఇరవై, మూడు లక్షలు దాటితే ఐదు నుంచి తొంభై తొమ్మిదేళ్లు, లేదా యావజ్జీవం. సొమ్ము పోగొట్టుకున్న మనిషికి 65 ఏళ్లు నిండి ఉంటే కేసు ఇంకో మెట్టు పైకి పోతుంది.

ఆ ఆఖరి మాట మన పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. "ఫలానా ఇంటికెళ్లి పార్సిల్ తెచ్చివ్వు, కొన్ని వందల డాలర్లిస్తాం" అని వాట్సాప్‌లో పని దొరుకుతుంది. ఆ పార్సిల్‌లో ఉండేది ఎవరో ముసలావిడ భయపడి బ్యాంకు నుంచి తీసిన డబ్బు, లేదంటే కొన్న బంగారం. నలభై వేల డాలర్లు మోసినవాడికి పదేళ్ల మెట్టు కాదు, ఆవిడ వయసు వల్ల ఇరవై ఏళ్ల మెట్టు. తెలిసి మోసినవాడిని విడిపించమని నేను అడగను. శిక్ష పడాల్సిందే. కానీ ఆ పనిలోకి దిగేవాళ్లలో చాలామందికి అది ఎంత పెద్ద కేసో అరెస్టయ్యాకే తెలుస్తోంది.

అయినా నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఈ పెద్ద కేసులు కావు. అందులో కనీసం అందరూ జాగ్రత్తపడి మంచి లాయరును వెతుక్కుంటారు. మాల్‌లో ఎనిమిది వందల డాలర్ల సామానుతో పట్టుబడ్డ పిల్లదాని కేసు చూడండి. ఊళ్లో తండ్రి, డబ్బు కట్టేస్తే స్టోరువాళ్లతో రాజీ అయిపోతుందనుకుంటాడు. ఇక్కడ కేసు నడిపేది స్టోరు కాదు, ప్రభుత్వం. స్టోరువాళ్లు సరేనన్నంత మాత్రాన అది పోదు. తక్కువ ఫీజుకు దొరికిన లాయరు ప్లీ డీల్ తెస్తాడు: నేరం ఒప్పుకో, డిఫర్డ్ అడ్జుడికేషన్ ఇప్పిస్తాను, జైలుండదు, ఏడాది ప్రొబేషన్ అయ్యాక కేసు కొట్టేస్తారు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుని సంతకం పెట్టిస్తారు.

రాష్ట్ర చట్టం వరకు లాయరు చెప్పింది నిజమే. ఇమిగ్రేషన్ చట్టానికి ఆ కొట్టివేతతో పని లేదు. నేరం ఒప్పుకుని, కోర్టు ఏ కాస్త ఆంక్ష పెట్టినా అది శిక్ష పడినట్టే లెక్క. దేశంలో అడుగుపెట్టిన ఐదేళ్లలోపు చేసిన దొంగతనానికి ఏడాది శిక్ష పడే వీలుంటే చాలు, వెనక్కి పంపేందుకు అదే కారణం కావచ్చు. అంటే ఏడాది జైలు వీలు మొదలయ్యే 750 డాలర్ల దగ్గరే ఆ అమ్మాయికి గీత ఉంది. "ఫెలనీ కాదులే" అన్న ధీమాకు అర్థం లేదు. దొంగతనం కేసులో నిజంగా ఏడాది శిక్ష రాసి, జైలుకు పంపకుండా సస్పెండ్ చేసినా అది అగ్రవేటెడ్ ఫెలనీ, అంటే ఇమిగ్రేషన్ చట్టం అతి తీవ్రంగా చూసే నేరాల జాబితాలోకి వెళ్తుంది. పదివేల డాలర్లకు మించిన మోసమైతే శిక్ష ఎంతన్నది కూడా చూడరు. ఆ జాబితాలో పడ్డాక మినహాయింపుల తలుపులు దాదాపు అన్నీ మూతపడతాయి. గరిష్ఠం ఏడాదికి ఒక్క రోజు తక్కువైతే అది "ఏడాది శిక్ష పడే వీలున్న" కేసు కాదు. ఆ ఒక్క రోజు తేడా కోసమే కాలిఫోర్నియా, న్యూయార్క్ తమ మిస్‌డిమీనర్ గరిష్ఠాన్ని 365 రోజుల నుంచి 364కు దించాయి. టెక్సాస్ దించలేదు.

2010లో పడిల్లా కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది: డిపోర్టేషన్ (దేశం నుంచి పంపేయడం) ప్రమాదం గురించి క్లయింటుకు చెప్పడం క్రిమినల్ లాయరు బాధ్యత. తీర్పుంది. అడగాలని పిల్లలకు తెలియాలిగా! ఫెడరల్ శిక్షల్లో 97 శాతం నేరం ఒప్పుకున్నవేనని ఆ సుప్రీంకోర్టే 2012లో రాసింది. విచారణ దాకా వెళ్లేవాళ్లు వేళ్ల మీద లెక్క. కాబట్టి సంతకానికి ముందు ఆ గంటలో పక్కన ఎవరున్నారన్నదే అసలు కేసు. జైలు నుంచి బయటికి రావడానికి కట్టే బాండ్ విషయమూ ఇంతే. పొలం తాకట్టు పెట్టి డబ్బు పంపుతారు, జైలు గుమ్మంలోనే ఐసీఈ (ఇమిగ్రేషన్ పోలీసు) వాళ్లు తీసుకెళ్లిపోతారు. కట్టే ముందు ఇమిగ్రేషన్ లాయరును ఒక మాట అడిగి ఉంటే ఆ సంగతి తెలిసేది.

మంత్రి గారూ, వియన్నా ఒప్పందం 36వ అధికరణం మీకు కొత్త కాదు. పాకిస్తాన్ జైల్లో ఉన్న కుల్‌భూషణ్ జాధవ్ కోసం అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లి 2019లో మనం గెలిచింది దానిమీదే. అరెస్టయిన విదేశీయుడికి తన కాన్సులేటుకు కబురు పెట్టించుకునే హక్కుంది. అయితే అమెరికాలో భారతీయుల విషయంలో ఆ కబురు దానంతటది వెళ్లదు. ఆ కుర్రాడు కోరాలి. ఇరవై రెండేళ్లవాడు, ఇంట్లో తెలిస్తే పరువు పోతుందని వణుకుతున్నవాడు, కాన్సులేటు పేరెత్తుతాడా?

గల్ఫ్‌కు పనికి వెళ్లేవాళ్లకు మీ శాఖ ప్రయాణానికి ముందు శిక్షణ ఇప్పిస్తోంది. విద్యార్థులకూ అలాంటిది పెట్టండి, తెలుగులో. భారతీయ సమాజ సంక్షేమ నిధి 2009 నుంచి ఉంది. కష్టంలో ఉన్నవారికి న్యాయసహాయం కూడా దాని పనుల్లో ఒకటి. అరెస్టయిన విద్యార్థి ఏ కాగితం మీదా సంతకం పెట్టకముందే ఇమిగ్రేషన్ లాయరుతో ఒక గంట మాట్లాడించే ఖర్చు ఆ నిధి నుంచి ఇప్పించండి. కాన్సులేట్ల దగ్గరుండే లాయర్ల జాబితాలో క్రిమినల్, ఇమిగ్రేషన్ రెండూ తెలిసినవారెవరో విడిగా గుర్తు పెట్టించండి.

ఫాల్ సెమిస్టర్ పిల్లలు జులై నుంచే విమానాలెక్కుతారు. మిగతావి ఆలస్యమైనా, అప్పటికి ఒక్క కాగితం హైదరాబాద్, విజయవాడ, విశాఖ పాస్‌పోర్టు కార్యాలయాల్లో అందేలా చూడండి. పార్సిల్ పని సంగతి, ప్లీ సంతకం సంగతి, కాన్సులేటును పిలవమని అడిగే రెండు ఇంగ్లీషు వాక్యాలు, హ్యూస్టన్ సహా అన్ని కాన్సులేట్ల అత్యవసర నంబర్లు. అంతకు మించి దానిమీద ఏమీ అక్కర్లేదు.

ఇట్లు,
డాలస్ నుంచి ఒక తెలుగువాడు